కల్పిత కథకు నిజమైన వీధి ఎందుకు?

కథ కల్పితమని అందరికీ తెలుసు. అందులోని మనుషులు ఎక్కడా లేరు, వాళ్ల పేర్లు రచయిత పెట్టినవి, వాళ్ల మాటలు రచయిత రాసినవి. ప్రేక్షకుడు ఆ సంగతి తెలిసే టికెట్టు కొంటాడు. అలాంటప్పుడు ఆ కథ జరిగే వీధి మాత్రం నిజమైనదే కావాలన్న పట్టుదల దేనికి? 2018 సెప్టెంబరు 7న విడుదలైన ‘కేరాఫ్ కంచరపాలెం’ ఈ ప్రశ్నను తెలుగు ప్రేక్షకుడి ముందు సూటిగా పెట్టింది. దర్శకుడు వెంకటేష్ మహాకు అది మొదటి సినిమా. విశాఖపట్నంలో రైల్వే స్టేషనుకు దగ్గరగా, పాలిటెక్నిక్ కాలేజీ, ఐటీఐ ఉన్న పాత పేట కంచరపాలెం. సినిమా అక్కడే తీశారు. తెర మీద కనిపించేవాళ్లలో చాలామంది ఆ పేట మనుషులే, అంతకుముందు కెమెరా ముందు నిలబడనివాళ్లు. పేట పేరే సినిమా పేరైంది. చేతిలో డబ్బు తక్కువ కనుక అలా తీశారని తేల్చేస్తే చర్చ అక్కడితో ముగుస్తుంది. కానీ ఖర్చు లెక్క ఆ పద్ధతిని ఎందుకు ఎంచుకున్నారో చెప్పగలదేమో గానీ, అది మన మీద ఎందుకు పనిచేసిందో చెప్పలేదు. ఎవరో ఒక ఆఫీసు అటెండరు ప్రేమకథ చూసి మనసు కదలడానికీ, అతని వెనక ఉన్న గోడ నిజంగా కంచరపాలెంలో ఉండటానికీ సంబంధం ఏమిటి? మన అలంకారశాస్త్రం ఈ ప్రశ్నకు చాలా దగ్గరగా ఉన్న ఒక ప్రశ్నను వెయ్యేళ్ల కిందటే ఎత్తుకుంది. అక్కడినుంచి మొదలుపెట్టడం మంచిది.

మన నాటక సంప్రదాయానికి నిజమైన చోటు ఎన్నడూ అవసరం కాలేదు. రంగస్థలాన్ని కక్ష్యలుగా విభజించే పద్ధతిని నాట్యశాస్త్రం వివరంగా చెబుతుంది. నటుడు వేదిక మీద ఒక చుట్టు తిరిగితే ఊరు మారిపోతుంది. ఇంకాస్త నడిస్తే అడవి వస్తుంది. అడవికి చెట్టు అక్కర్లేదు, నదికి నీళ్లు అక్కర్లేదు, నటుడి నడక, చేతులు, చూపు చాలు. ఇదే పద్ధతి మన ఊళ్లలో వీధి భాగవతంగా బతికింది. అందులో ఒక విశేషం గమనించదగ్గది. భామాకలాపం వీధిలోనే ఆడారు, గుడి ముందు, జనం రోజూ నడిచే నేల మీదే ఆడారు. అయినా ఆ వీధి కథలోకి రాలేదు. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడి, ఆ తెర మీదుగా సత్యభామ జడ ఇవతలికి పడగానే అది ద్వారక అయిపోయింది. పక్కనే ఉన్న పెంకుటింటి అరుగు ఎవరికీ కనిపించలేదు, కనిపించాలని ఎవరూ కోరలేదు. ఇంత పాతదీ ఇంత సమర్థమైనదీ అయిన కళ చోటు లేకుండానే నడిచినప్పుడు, కెమెరా వచ్చాక అసలు వీధే కావాలనడం ఊహాశక్తి తగ్గిపోయినందుకు గుర్తు అని ఎవరైనా అంటే, ఆ మాటను తేలిగ్గా తోసిపుచ్చలేం.

ఈ అభ్యంతరానికి అత్యంత బలమైన రూపం ఇచ్చినవాడు అభినవగుప్తుడు. పదో శతాబ్దం చివర, పదకొండో శతాబ్దం మొదట్లో కాశ్మీరంలో జీవించిన ఆ మహావ్యాఖ్యాత, తనకు ముందు భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణాన్ని తీసుకుని, రసానుభవానికి దాన్నే ఆధారం చేశాడు. శాకుంతలం మొదట్లో దుష్యంతుడి బాణానికి బెదిరి పరుగెత్తే జింక ఆయన ఇచ్చిన ఉదాహరణ. ఆ దృశ్యంలో ప్రేక్షకుడికి అందేది ఫలానా అడవిలో ఫలానా రోజున ఫలానా జింక పడిన భయం కాదంటాడు. ఏ చోటుకూ ఏ కాలానికీ కట్టుబడని భయమే అక్కడ అనుభవంలోకి వస్తుంది. అది నా భయమూ కాదు, నా శత్రువు భయమూ కాదు, నా స్నేహితుడి భయమూ కాదు. దేశకాలాల పట్టు ఎక్కడ సడలుతుందో అక్కడే రసం మొదలవుతుంది. రసానికి అడ్డుపడే విఘ్నాలు ఏడున్నాయని చెబుతూ, ప్రేక్షకుడు దేశకాల విశేషాల్లో చిక్కుకుపోవడాన్ని వాటిలో రెండోదిగా లెక్కించాడు. ఇది నాది, అది వాళ్లది అన్న హద్దు గీసుకుని చూస్తే రసం పుట్టదు. పూర్వరంగం, ప్రస్తావన, కిరీటం, వేషం, ఇవన్నీ ఆ హద్దును చెరపడానికే ఉన్నాయని ఆయన వివరణ. ఈ లెక్కన ‘కంచరపాలెం’ అని చోటు పేరును నొక్కిచెప్పి, దాని వంతెననూ సందులనూ కళ్లముందు నిలబెట్టే సినిమా రసానికి ఎదురుగా నడుస్తున్నట్టే.

అయితే అభినవగుప్తుడి జాబితాను మొదటినుంచి చదవాలి. రెండో విఘ్నం ప్రసిద్ధం కనుక మనం దాని దగ్గరే ఆగిపోతాం. మొదటి విఘ్నం వేరే ఉంది. చూస్తున్నది సంభవమే అనిపించకపోవడం మొదటి అడ్డంకి. ఇలా జరుగుతుందా అన్న శంక మనసులో ఉంటే, ఆ మనసు విషయంలో కుదురుకోదు. కుదురుకోనిదానికి రసం ఎక్కడిది? దీనికి ఆయన సూచించిన మందు రెండు రకాలు. లోకంలో అందరికీ తెలిసిన మామూలు విషయమైతే మన హృదయం దానితో ఇట్టే కలుస్తుంది. సముద్రం దాటడం వంటి అసాధారణమైన పని అయితే, రాముడి వంటి ప్రసిద్ధుడికి దాన్ని అప్పగించాలి. అనాదిగా విన్న పేరు మీద మనసులో పాతుకుపోయిన నమ్మకం శంకను తుడిచేస్తుంది. ఇక్కడ నాకు ఈ వాదం మొత్తానికీ కీలకమైన సంగతి కనిపిస్తుంది. ద్వారకకు గోడ అక్కర్లేకపోవడానికి కారణం కళ గొప్పతనం ఒక్కటే కాదు, కృష్ణుడి పేరు కూడా. ప్రేక్షకుడు ఇంటినుంచి బయల్దేరేటప్పుడే ద్వారకను వెంట తెచ్చుకున్నాడు. 1957లో ‘మాయాబజార్’ ద్వారకను బొమ్మ నమూనాగా కట్టి చూపిస్తే ఎవరికీ లోటు అనిపించకపోవడానికి కారణం అదే. తెర మీద చూపినది గుర్తుచేస్తే చాలింది, నమ్మించాల్సిన భారం దాని మీద లేదు.

‘కేరాఫ్ కంచరపాలెం’లో యాభయ్యో ఏడుకు దగ్గర పడినా పెళ్లికాని అటెండరు రాజుకు ఆ ప్రసిద్ధి లేదు. అతని పేరు ఏ పురాణంలోనూ వినలేదు. మామూలు మనిషి కనుక హృదయం ఇట్టే కలవాలి కదా అంటారేమో. కలవదు, ఎందుకంటే సినిమాలో మామూలు మనిషిని చూసే అలవాటు మనకు తప్పిపోయింది. తెలుగు సినిమా చాలాకాలంగా మొదటి విఘ్నాన్ని దాటింది కథానాయకుడి ప్రసిద్ధి సాయంతోనే. పురాణ పురుషుడి చోట స్టార్ వచ్చాడు. అతని పేరు మీద ఉన్న నమ్మకం ముందు కథలో ఏ అసంభవమూ నిలవదు. అందుకే 2003 నాటి ‘ఒక్కడు’ కోసం హైదరాబాద్ శివార్లలో చార్మినార్ సెట్టు వేసినా జనం దాన్ని చార్మినార్‌గానే స్వీకరించారు. అంత రద్దీ కూడలిలో పెద్ద హీరోతో రోజుల తరబడి చిత్రీకరణ జరపడం కష్టమన్నది ఎలాగూ ఉంది. కానీ అసలు చార్మినార్ లేకపోయినా ఆ సినిమా నిలబడటానికి కావలసిన నమ్మకం మరో వైపునుంచి వచ్చింది. ఇదే తూకం రోమ్‌లోనూ కనిపిస్తుంది. విట్టోరియో డి సికా ‘బైసికిల్ థీవ్స్’ తీయడానికి డబ్బు వెతుకుతున్నప్పుడు, హాలీవుడ్ నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ ముందుకొచ్చి, ముఖ్యపాత్రకు క్యారీ గ్రాంట్‌ను పెట్టమన్నాడు. డి సికా ఒప్పుకోలేదు. లాంబెర్టో మజోరానీ అనే ఫ్యాక్టరీ కార్మికుణ్ని తీసుకుని, రోమ్ శివారు పేట వాల్ మెలైనాలోనూ, నగరం వీధుల్లోనూ 1948లో ఆ సినిమా ముగించాడు. నా వాదం ఇదే: ప్రసిద్ధి లేని మనిషి కథలో, ప్రసిద్ధి చేసే పనిని వీధి చేస్తుంది. రాముడికి రామాయణం ఎలా పూచీ పడుతుందో రాజుకు కంచరపాలెం అలా పూచీ పడుతుంది.

సెట్టు బాగా వేస్తే ఆ పూచీ దానినుంచీ రాదా? ఇది నిజాయితీ గల అభ్యంతరం. దీనికి సత్యజిత్ రాయ్‌నే సాక్ష్యంగా తేవచ్చు. ‘అపరాజితో’లో కాశీ ఘట్టాలు, సందులు కాశీవే. కథలోని హరిహరుడి కుటుంబం అద్దెకున్న ఇంటి లోగిలి మాత్రం కలకత్తా స్టూడియోలో కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త వేసిన సెట్టు. అలాంటి పాత ఇళ్ల లోగిలిలోకి పైనుంచి మాత్రమే వెలుగు దిగుతుంది, దానికి నీడ ఉండదు. ఆ వెలుగు కోసం ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్టు మీద తెల్లటి గుడ్డ పరిచి, దీపాల కాంతిని దానికి కొట్టించి కిందికి దింపాడు. 1956లో వచ్చిన ఆ దృశ్యాలను ఈనాటికీ సెట్టు అని పోల్చుకోవడం కష్టం. దీన్ని నేను ఒప్పుకుంటాను. కానీ ఆ సెట్టు ఎక్కడినుంచి వచ్చింది? కాశీ ఇళ్లలో వెలుగు ఎలా పడుతుందో చూసిన కళ్లనుంచి వచ్చింది. అసలు ఇల్లు లేకపోతే ఆ గుడ్డ పరవాలన్న ఆలోచనే పుట్టదు. సెట్టులో ఉండగలిగేది కట్టినవాడికి తెలిసినంత మేరే. అతను ఎంత తెలిసినవాడైతే అంత మంచి సెట్టు అవుతుంది, అతని తెలివి ఆగిన చోట ఆగిపోతుంది. వీధి అలా కాదు. కెమెరా పెట్టిన మనిషికి తెలియనివి అందులో వేలున్నాయి. గోడ మీద ఎవరో ఎప్పుడో రాసిన లెక్క, మేడ మీదనుంచి తొంగిచూసే ముసలమ్మ, దాటిపోయే గూడ్సు బండి శబ్దం, ఇవేవీ అతను రాసినవి కావు. అతని కథ వాటి మధ్యలో ఇరుక్కుని నడవాలి.

ఈ తేడా తత్వరీత్యా చిన్నది కాదు. రచయిత తన కల్పనా లోకానికి ఒక విధంగా ఈశ్వరుడు. అనుకున్నది అవుతుంది, అడ్డు చెప్పేవాళ్లు ఉండరు. అలాంటి సర్వాధికారం చేతిలో ఉన్నప్పుడు మనిషి సాధారణంగా లోకం ఎలా ఉందో చెప్పడు, లోకం గురించి తనకు ముందే ఉన్న అభిప్రాయాన్ని చెబుతాడు. పేదవాడి ఇల్లు అంటే ఇలా ఉంటుందని, వేశ్య అంటే ఇలా మాట్లాడుతుందని, గుడి ముందు జనం ఇలా నిలబడతారని. అది సాధారణీకరణం కాదు, వాడుకలో ఉన్న మూసలోకి పోత పోయడం. అభినవగుప్తుడి సాధారణం ఒక జింకనుంచి మొదలై, ఆ జింక మెడ వంపునూ నోటినుంచి జారే సగం నమిలిన గడ్డినీ దాటుకుంటూ వెళ్లి, చివరికి భయాన్ని చేరుతుంది. విశేషాన్ని పూర్తిగా చూసినవాడికే దాన్ని విడిచిపెట్టే అధికారం ఉంది. కాళిదాసు ఆ వివరాలన్నీ చెప్పకపోతే విడిచిపెట్టడానికి అక్కడ ఏమీ ఉండేది కాదు. నిజమైన వీధిలో చిత్రీకరణ దర్శకుణ్ని ఆ చూపుకు బలవంతంగా లాక్కొస్తుంది. తనది కానిదాని ముందు తన ఇష్టాన్ని కొంత తగ్గించుకోక తప్పదు. భారతీయ దర్శనాలు అహంకారం గురించి చెప్పిన దానికీ ఈ క్రమశిక్షణకూ దూరం పెద్దగా లేదని నా నమ్మకం.

కాశ్మీర వ్యాఖ్యాతల్లోనే శ్రీశంకుకుడు చెప్పిన చిత్రతురగ న్యాయం ఇక్కడ పరీక్షకు వస్తుంది. గోడ మీద గీసిన గుర్రాన్ని చూసి గుర్రం అంటాం. ఆ జ్ఞానం నిజమూ కాదు, భ్రమా కాదు, సందేహమూ కాదు, పోలిక మాత్రమే అనీ చెప్పలేం. నాటకంలో నటుణ్ని రాముడనుకోవడం అలాంటిదేనని ఆయన పోలిక. కెమెరాతో తీసిన గుర్రం మాటేమిటి? అక్కడ నిజంగా ఒక గుర్రం నిలబడి ఉండి తీరాలి. రాజు పాత్ర వరకూ శంకుకుడి మాట చెల్లుతుంది. అతను నడుస్తున్న వీధికి అది చెల్లదు, ఆ వీధి నిజంగానే ఆ వీధి. సినిమా తెర మీద ఈ రెండు రకాల జ్ఞానాలు ఒకే చట్రంలో, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. నాటకానికి ఇలాంటి స్థితి ఎప్పుడూ లేదు. కాబట్టి నాటకం చోటు లేకుండా గడిపింది కనుక సినిమా కూడా గడపాలి అన్న మొదటి అభ్యంతరం, రెండు కళల జ్ఞానస్వభావం ఒకటే అనుకోవడం వల్ల వచ్చింది.

‘కేరాఫ్ కంచరపాలెం’ కథనంలోనే ఈ వాదానికి గట్టి ఆధారం ఉంది. సినిమా చూడనివాళ్లు ఈ పేరా దాటేయవచ్చు. అందులో నాలుగు ప్రేమకథలు పక్కపక్కన నడుస్తాయి. బడి పిల్లాడు సుందరం, యువకుడు జోసెఫ్, మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, అటెండరు రాజు. ఒకే పేటలో ఒకే కాలంలో ఉన్న నలుగురని మనం నమ్ముతాం. చివరికి తెలుస్తుంది, ఆ నలుగురూ ఒక్కడే. ఒకే మనిషి బాల్యం, యవ్వనం, నడివయసు మన ముందు వేర్వేరు మనుషులుగా తిరిగాయి. వేదాంతులు ‘తత్త్వమసి’ వివరించడానికి వాడే ఉదాహరణ ‘వాడే ఈ దేవదత్తుడు’ ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఎప్పుడో ఎక్కడో చూసిన దేవదత్తుణ్ని ఇప్పుడు ఇక్కడ చూసి గుర్తుపట్టాలంటే, ఆనాటి దేశకాలాలనూ ఈనాటి దేశకాలాలనూ విడిచిపెట్టి మనిషిని మాత్రమే పట్టుకోవాలి. ఈ సినిమా ఆ ఉదాహరణను ఒక మెలిక తిప్పుతుంది. ఇక్కడ కాలం మారింది, వయసు మారింది, పేరు మారింది, పేరుతో పాటు మతం గుర్తూ మారింది. మారనిది చోటు. ఆ చోటే మనల్ని ముందు పొరబాటులో పడేసింది, అన్నీ ఒకే కంచరపాలెం కనుక ఒకే కాలమనుకున్నాం. ఆ చోటే తర్వాత గుర్తుపట్టడాన్ని సాధ్యం చేసింది. సుందరం, జోసెఫ్ అన్న పేర్లు రాలిపోయి మనిషి మిగిలిన క్షణంలో, అతను ఏ మతంవాడన్న ప్రశ్నకు అర్థం లేకుండా పోతుంది. అంత పెద్ద మాటను ఎవరూ ఉపన్యాసంగా చెప్పలేదు. సందులూ మెట్లూ చెప్పాయి. నాలుగు కథలకు నాలుగు సెట్లు వేసి ఉంటే ఆ అభేదం తెలివైన ట్రిక్కుగా మిగిలేది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఆ దర్శకుడి దగ్గరే ఉంది. వెంకటేష్ మహా రెండో సినిమా, 2020లో వచ్చిన ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’, 2016 నాటి మలయాళ చిత్రం ‘మహేషింటె ప్రతికారం’కు రీమేక్. మూలంలో ఇడుక్కి కొండలు, ఇందులో అరకు లోయ. కథ ఇడుక్కినుంచి అరకుకు అంత సులభంగా మారగలిగితే, చోటు కథకు ప్రాణమన్న మాట తేలిపోదా? తేలిపోదని అంటాను. నైయాయికులు జాతి గురించి చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. గోత్వం ఈ ఆవులోనూ ఉంటుంది, ఆ ఆవులోనూ ఉంటుంది. ఈ ఆవు పోయినా అది పోదు. కానీ ఏ ఆవులోనూ కాకుండా గాలిలో గోత్వం ఎవరికీ కనిపించదు. కథ ఒక చోటును విడిచి మరో చోటికి వెళ్లగలదు. ఏ చోటూ లేకుండా మాత్రం నిలవలేదు. అరకుకు వచ్చిన కథ అరకు మాట నేర్చుకోవాల్సి వచ్చింది, అక్కడి బజారులో మళ్లీ కొత్తగా కుదురుకోవాల్సి వచ్చింది.

ఇక రెండో విఘ్నం సంగతి. నిజమైన వీధి మొదటి విఘ్నాన్ని తీసేస్తుందన్నాను, కానీ అదే ఊపులో రెండోదాన్ని తెచ్చిపెట్టగలదు. ఈ ప్రమాదం నిజం. దీన్ని ఒప్పుకోకుండా లొకేషన్ చిత్రీకరణను పొగడటం అమాయకత్వం. ఆ విఘ్నానికి రెండు ముఖాలున్నాయని అభినవగుప్తుడే చెప్పాడు, ఇది నాది అనుకోవడం ఒకటి, అది పరాయివాళ్లది అనుకోవడం ఇంకొకటి. విశాఖలో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు తెర మీద మా వంతెన, మా టీకొట్టు అని పొంగిపోయి కథను మరిచిపోతే, అది మొదటి ముఖం. ఖరీదైన మల్టీప్లెక్సులో కూర్చున్నవాడు పాపం వీళ్లు ఇలా బతుకుతారా అనుకుంటే, అది రెండోది. రెండో ముఖం ఎక్కువ హానికరం. పేదరికాన్ని వింతగా చూపి పేరు తెచ్చుకున్నారని సినిమాల మీద వచ్చే ఫిర్యాదు అసలు రసవిఘ్నం గురించిన ఫిర్యాదే, దాన్ని మనం నీతి భాషలో చెబుతున్నాం. విశాఖ విషయంలో సినిమా చాలాకాలం మూడో దారి పట్టింది. 1978 నాటి ‘మరోచరిత్ర’ దగ్గరనుంచి ఆ నగరమంటే సముద్రమే. ఒడ్డు, అల, దీపస్తంభం. అందంగానే ఉంటుంది, కానీ అలల ముందు ఎవరైనా నిలబడవచ్చు. కంచరపాలెం సినిమా సముద్రాన్ని నమ్ముకోకుండా పేటలోకి వెళ్లింది, రెండు ముఖాలనూ చాలావరకు తప్పించుకుంది. అది వీధిని పరిచయం చేయదు, వివరించదు, జాలిగా చూడదు. అదే సందును మళ్లీ మళ్లీ చూపి, చూసేవాడికి అలవాటు చేస్తుంది. కొత్తదనం పోయాక చోటు దానంతటది వెనక్కి తగ్గి మనిషికి దారి ఇస్తుంది. దేశకాలాల పట్టు సడలడానికి కిరీటం, ప్రస్తావన ఒక మార్గమైతే, పరిచయం మరో మార్గం. ఇది శాస్త్రం చెప్పినది కాదు, నా ప్రతిపాదన.

పూచీ పడినవాడికి రుణం ఉంటుంది. వీధి తన నిజాన్ని కథకు అరువిచ్చింది, కథ దానికి ఏం తిరిగిచ్చింది? ‘బైసికిల్ థీవ్స్’ కథ ఉద్యోగం కోసం అలమటించే కార్మికుడిది. ఆ పాత్ర వేసిన మజోరానీ సినిమా అయ్యాక ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లాడు, కొంతకాలానికే ఆ ఉద్యోగం పోయింది. సినిమాలో డబ్బు బాగా గడించి ఉంటాడని అందరూ అనుకున్నారు. ప్రపంచం కొనియాడిన ఆ ముఖానికి తర్వాత అటు పనీ సరిగా దొరకలేదు, ఇటు వేషాలూ దొరకలేదు. ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ ఎనిమిది ఆస్కార్లు గెలిచిన కొన్ని నెలలకే, 2009లో, అందులో నటించిన ఇద్దరు పిల్లల గుడిసెలను బాంద్రాలో కూల్చేశారు. ఆ పిల్లల చదువుకూ ఇంటికీ చిత్రనిర్మాతలు ట్రస్టు పెట్టారన్నది కూడా చెప్పాలి. మనిషి పుడుతూనే దేవతలకు, రుషులకు, పితరులకు రుణపడి ఉంటాడన్న మాట అందరూ విన్నదే. శతపథ బ్రాహ్మణం నాలుగో రుణం చెబుతుంది, తోటి మనుషులకు ఉన్నది. ఇంటికి వచ్చినవాడికి చోటు, తిండి ఇచ్చి దాన్ని తీర్చుకోవాలంటుంది. షూటింగుకు వచ్చిన బృందానికి చోటిచ్చిన పేట తన వంతు రుణం తీర్చేసింది, మిగిలినది బృందం వైపే. అద్దె కట్టాం, అనుమతి రుసుము కట్టాం అంటే సరిపోదు. అద్దె గోడకు కట్టారు. కథకు దొరికిన నమ్మకం ఆ గోడల మధ్య బతికినవాళ్లు దశాబ్దాలుగా పోగుచేసినది.

అయితే పేటకు తనను చూపే చిత్రాన్ని నిషేధించే హక్కు కూడా ఉందా? రుణమున్నవాడు అప్పిచ్చినవాడి మాట వినాలి కదా అని ఒక వాదం సాగవచ్చు. 2000లో కాశీలో దీపా మెహతా ‘వాటర్’ చిత్రీకరణ మొదలుపెట్టినప్పుడు ఆందోళనలు జరిగాయి, ఘాట్ మీద వేసిన సెట్టును ధ్వంసం చేశారు, చిత్రీకరణ ఆగిపోయింది. ఆ సినిమాను ఏళ్ల తర్వాత శ్రీలంకలో తీసి 2005లో విడుదల చేశారు. వితంతువుల బాధ పవిత్రక్షేత్రం పేరు చెడగొడుతుందన్నది అభ్యంతరం. నా అభిప్రాయంలో ఆ అభ్యంతరం రుణాన్ని యాజమాన్యంగా పొరబడింది. చోటు ఎవరి సొంతమూ కాదు, అందులో బతికేవాళ్ల బతుకు మాత్రం వాళ్లది. కాశీలో వితంతువులూ బతికారు. వాళ్ల తరఫున చూసే చూపును అడ్డుకున్నప్పుడు పేట గౌరవం నిలబడలేదు, పేటలో ఒక భాగం మరో భాగాన్ని చూడనివ్వలేదు. పేట మనుషులు కోరగలిగింది, కోరాల్సింది, అబద్ధం చూపొద్దని, వాళ్లను వాడుకుని వదిలేయొద్దని. చూడొద్దని కోరే హక్కు పవిత్రత పేరుతోనైనా ఎవరికీ లేదు. నిజమైన కాశీ దొరకని ఆ సినిమాకు నష్టం ఎంతో, తనను తాను చూసుకునే అవకాశం పోయిన కాశీకీ అంతే నష్టం.

రుణం తీర్చడం ఎలాగన్నది చెప్పలేనంత గహనమైన విషయమేమీ కాదు. మీరా నాయర్ 1988లో ‘సలామ్ బాంబే!’ను ముంబై వీధుల్లో, వీధి పిల్లలతోనే తీసింది. కెమెరా ముందుకు తీసుకురావడానికి ముందు ఆ పిల్లలకు వర్క్‌షాపు పెట్టి నేర్పింది. సినిమాకు వచ్చిన రాబడితో వీధి పిల్లల కోసం సలామ్ బాలక్ ట్రస్టు మొదలైంది. తెలుగులో ఇప్పుడు పేటల్లో, చిన్న పట్టణాల్లో సినిమాలు తీసేవాళ్లు పెరుగుతున్నారు, అది మంచిదే. వాళ్లను నేను కోరేది ఒకటే: చోటు పేరును పోస్టరు మీద వేసుకునేటప్పుడు, ఆ చోటి మనుషులకు ఏం ముట్టజెప్పాలో చిత్రీకరణకు ముందే రాసిపెట్టుకోండి, సినిమా ఆడాక చూద్దామని వాయిదా వేయకండి. సలామ్ బాలక్ ట్రస్టు ముంబైలోనూ ఢిల్లీలోనూ ఈనాటికీ పనిచేస్తోంది.